అన్నీ టీ మరకలే

జూలై 2

అత్తకు,

ఈ నెల ఇరవై ఐదులోగా నేను మా ఆఫీసులో ఒక రిపోర్టు ఇవ్వాలి. అందులో నీ గురించి ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ఏమిటో నాకు తేలడం లేదు. అందుకే ఈరోజే రాస్తున్నాను. ఫోన్‌లో అడుగుదామంటే లాండ్రీలో ఆరబెట్టే డ్రమ్ముల మోతకి నీ చెవులు సగం పోయాయి. ఏం అడిగినా "ఆఁ ఆఁ, తిన్నాను" అంటావు. నేను గట్టిగా అరిస్తే నీ పక్కవాళ్లూ నా పక్కవాళ్లూ కూడా వింటారు. ఇది అందరూ వినే సంగతి కాదు.

నాది కంప్యూటర్ల ఉద్యోగమని నువ్వు అందరికీ చెబుతున్నావట. నిజానికి నేను రోజంతా మురికి బట్టల ఫొటోలు చూస్తాను. మన ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని, పదహారేళ్లు చదివి మళ్లీ మరకల దగ్గరికే వచ్చాను. నవ్వకు. మీ లాండ్రీ బల్ల మీద కెమెరా, రెండు చేతులు ఉన్న యంత్రం ఉంది కదా, దాన్ని తయారుచేసింది మా కంపెనీయే. నువ్వు బట్ట చూపించి "ఇది సిరా", "ఇది గ్రీజు" అంటే అది నేర్చుకుంటుంది. నువ్వు నేర్పిన పేర్లు మిగతా ఊళ్ల లాండ్రీ యంత్రాలకి వెళతాయి. ఇప్పుడు ఆ ఊళ్ల నుంచి ఒకటే గోల. అక్కడి యంత్రాలు రక్తాన్నీ లిప్‌స్టిక్‌నీ టీ అనుకుని వేడినీళ్లలో ముంచుతున్నాయి. వేడి తగలగానే మరక ఇక కదలనంటూ కూర్చుంటోంది. ఎవరు తప్పు నేర్పారో కనిపెట్టే పని నాకు అప్పగించారు.

నేర్పినవాళ్లు తొమ్మిదిమంది. మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. తప్పులన్నీ నాలుగో నంబరువి. మొన్న ఆ రికార్డింగు చెవులకి తగిలించుకుని విన్నాను. "టీ మరక. రాసుకో తల్లీ, తొందరేం లేదు" అని నీ గొంతు. ఎనిమిది నెలల తర్వాత నిన్ను అంత దగ్గరగా విని కళ్లలో నీళ్లొచ్చాయి. తర్వాత ఫొటో తెరిచాను. దిండు గలీబు మీద అరచేయంత రక్తం.

అత్తా, నీ కళ్లు బాగున్నాయా? ఒక్కసారి డాక్టరుకి చూపించుకో. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ రిపోర్టు చూసి ఖాయం చేస్తానని మేడం అన్నారు. నాలుగో నంబరు తప్పు నేర్పిందని రాస్తే నిన్ను బల్ల దగ్గర నుంచి తీసేస్తారు. రాయకపోతే నా మొదటి రిపోర్టే అబద్ధం అవుతుంది. ఏం జరిగిందో నువ్వే చెప్పు.

నీ పిచ్చుక


జూలై 6

పిచ్చుకా,

నీ ఉత్తరం చూసి మొదట సంతోషించాను. రెండో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. నా కళ్లకేమైందే? ముప్పై రెండేళ్లుగా ఈ బల్ల ముందు నిలబడ్డాను. నల్ల కోటు మీద నల్ల సిరా పడినా చెయ్యి పెట్టకుండా చెబుతాను. చిన్నప్పుడు నీ తలలో పేను పాకితే వీధి చివర నుంచి కనిపెట్టేదాన్ని. నాకు కళ్ల డాక్టరా?

నేను టీ అన్నానంటే టీయే. ఇక ఆ సంగతి అడగకు.

ఇంకొకటి. నువ్వు అక్కడ కూర్చుని నా మాటలన్నీ వింటున్నావా? ఎన్నాళ్ల నుంచి? ఒక్కసారైనా పలకలేదేమే? ఆ యంత్రం ముందు మేనేజరుని తిట్టని తిట్టు లేదు. బాయిలరు బాబాయి నా టిఫిను డబ్బా మూత పోగొట్టాడని మొన్న వాడి ఏడు తరాలూ ఎత్తాను. అదీ విన్నావా? ముక్కు చీదితే కూడా వినిపిస్తుందా? పోనీలే, విన్నదానివి ఎలాగూ విన్నావు. ఇకనుంచి నీకు చెప్పాల్సినవి దానికే చెబుతాను. స్టాంపులు మిగులుతాయి.

యంత్రాన్ని మేం కొత్తకోడలు అంటున్నాం. వచ్చిన కొత్తలో ప్రతిదానికీ "ఇది ఏమిటండీ?" అని ఒకటే అడగడం. జేబులో మర్చిపోయిన బస్సు టికెట్టుని చూసి కూడా అడిగింది. ఇప్పుడు తడి దుప్పట్లన్నీ అదే ఎత్తుతోంది. నా నడుం నొప్పి సగం తగ్గింది. ఒక్క చెడ్డ గుణం ఉంది. నోరు ఆగదు. మనుషులకైతే కనుసైగ చేస్తే ఊరుకుంటారు. దానికి సైగ ఎలా చెయ్యాలో మీ ఆఫీసువాళ్లు చెప్పలేదు.

వేళకి తిను. ఫొటోలు చూసి చూసి కళ్లు పాడుచేసుకోకు. డాక్టరు దగ్గరికి నువ్వే వెళ్లు.

అత్త


జూలై 10

అత్తకు,

దండం పెడతాను, యంత్రంతో నాకు కబుర్లు పంపడం ఆపు. రెండు రోజుల రికార్డింగులు ఈరోజే వచ్చాయి. "గ్రీజు మరక. పిచ్చుకా, తలకి నూనె పెట్టుకుంటున్నావా? సిరా మరక. పిచ్చుకా, మీ ఇంటి ఓనరమ్మ ఆ విరిగిన మెట్టు బాగుచేయించిందా, ఇంకా గెంతుతూనే ఉన్నావా?" ఇవి నేను ఒక్కదాన్నే వినేవి కావు. పక్క టేబుల్ ఆయన స్పీకరులో పెట్టాడు. అతనికి మేం పెట్టిన పేరు దువ్వెన. గంటకోసారి జుట్టు దువ్వుకుంటాడు, చొక్కా మీద మాత్రం చట్నీ. "ఎవరండీ ఈ పిచ్చుక?" అని ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను, గట్టిగా, అందరికంటే ఎక్కువగా.

ఇంకో ఘోరం విను. కొత్తకోడలు "పిచ్చుక" అనే కొత్త మరక నేర్చుకుంది. మధ్యాహ్నం ఒక దుప్పటి చూపించి పరీక్ష పెడితే "పిచ్చుక మరక, డెబ్బై శాతం నమ్మకం" అని జవాబిచ్చింది.

నేను నీ మాటలు రోజూ వినడం లేదు అత్తా. నాలుగో నంబరు నువ్వని మొన్ననే తెలిసింది. నీ కళ్ల గురించి అడిగినందుకు కోప్పడకు. కళ్లు బాగానే ఉన్నాయంటే నాకు మిగిలింది ఒకటే అనుమానం. ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. సూటిగా రాస్తున్నాను. అది అంతా నేర్చేసుకుంటే నీతో పని ఉండదని భయపడి, కావాలనే తప్పు చెబుతున్నావా? అలాగైతే నిన్ను ఒక్క మాట అనను. ముప్పై రెండేళ్లు నిలబడ్డ చోటు అది. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. కానీ ఆ యంత్రం వల్ల వేరే ఊళ్లో ఎవరి బట్టలో పాడవుతున్నాయి. నర్సు ఒకామె తెల్ల యూనిఫారాలు నాలుగు పాడయ్యాయని రాసింది.

నీకు ఏ భయమూ అక్కర్లేదు. నా ఉద్యోగం ఖాయమైతే నా గదిలో ఇంకో మంచం పడుతుంది. నిజం రాయి, చాలు.

నీ పిచ్చుక


జూలై 14

ఏమే పిచ్చిదానా,

నీ ఉత్తరం బాయిలరు బాబాయికి కూడా చదివి వినిపించాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. నేను ఎవరికైనా పని తప్పు నేర్పుతానా? నీకు ఇస్త్రీ నేర్పినప్పుడు తప్పు నేర్పానా? అక్షరాలంటావా, అవి నువ్వే నాకు నేర్పావు. వాటిలో తప్పులుంటే నీవే. ఆ కొత్తకోడలు పోతే మళ్లీ తడి దుప్పట్లు ఎత్తాల్సింది నేను. దాన్ని చెడగొట్టుకుంటానా?

చెప్పనని ఒట్టు పెట్టుకున్న సంగతి నీకోసం చెబుతున్నాను. నేను పనిలో చేరినప్పుడు బల్ల దగ్గర పెద్దక్క ఉండేది. ఆవిడ మొదటి రోజు మరకలు నేర్పలేదు. నోరు నేర్పింది. "ఈ బల్ల మీద ఏం కనిపించినా చేతికి తెలియాలి. నోటికి మాత్రం అన్నీ టీ మరకలే" అంది. బట్టలు ఇచ్చేవాళ్లు మన ముందు పరుపు దులిపినట్టు బతుకు దులిపేస్తారు పిచ్చుకా. ఎవరి దిండుకి రక్తం అంటిందో, ఎవరి కాలరుకి ఎవరి లిప్‌స్టిక్ అంటిందో మాకు తెలుస్తుంది. ఉతికేసి మర్చిపోతాం. ఈ బల్ల దగ్గర పనిచేసిన ఆడవాళ్లెవరూ ఇంతవరకూ ఆ మాట తప్పలేదు.

కొత్తకోడలు వచ్చిన వారంలో నేను అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. అది నేర్చుకుంటుంది, ఎవరితో చెబుతుందిలే అనుకున్నాను. కానీ అది ప్రతి మూటకీ ఒక చీటీ అచ్చువేసి గుచ్చుతుంది కదా. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన ఉన్నారు. వయసు మీద పడింది, పక్క తడుస్తోంది. ఆయన దుప్పట్లు ఆయనే తెచ్చి ఆయనే తీసుకెళ్లేవారు. ఆ వేళ వాళ్లబ్బాయి భార్యతో కలిసి వచ్చారు. చీటీ మీద "మూత్రం, మూడు దుప్పట్లు" అని ఉంది. ఆ పిల్ల చెడ్డది కాదు, లెక్క సరిపోయిందో లేదో అని పైకి చదివింది. కౌంటరు ముందు ఆరుగురున్నారు. ఆయన ఆ చీటీ తీసుకుని మడిచి, మళ్లీ మడిచి, గోరంత చేశారు.  నెల రోజులు రాలేదు. తర్వాత ఒకరోజు వెనక గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పుస్తకాల సంచిలో దుప్పటి పెట్టుకుని.

ఆ రోజు నుంచి గ్రీజూ సిరా లాంటివి తప్ప, దాని ముందు కూడా నా నోట్లో అన్నీ టీయే. నువ్వు చూసిన దిండు గలీబు ఎవరిదో నాకు తెలుసు. నీకు చెప్పను.

నర్సమ్మ యూనిఫారాల సంగతి విని మాత్రం బాధగా ఉంది. ఇక్కడ ఒక్క బట్టా పాడవలేదు, అక్కడెందుకు పాడయ్యాయో నాకు అర్థం కాలేదు. నా వల్లే అయ్యుంటుంది. నీ ఉద్యోగం పోకూడదు. సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్లి నాకు కళ్లు మందగించాయని చెప్పేస్తాను. నువ్వూ అదే రాసెయ్. ముసలిది, కళ్లు కనపడక తప్పు చెప్పింది. ఎవరూ నిన్ను తప్పుపట్టరు.

అత్త


జూలై 17

అత్తా,

మేనేజరుకి ఏమీ చెప్పకు. ఈ ఉత్తరం సోమవారంలోగా అందాలని పోస్టాఫీసు దాకా నడిచి వచ్చి ఇక్కడి బల్ల మీదే రాస్తున్నాను. వీళ్ల పెన్నుకి దారం కట్టి ఉంది, చెయ్యి చాలినంత దూరం జరగడం లేదు. వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ముందు నన్ను క్షమించు. నీ గురించి రెండుసార్లు అనుకున్నాను, రెండుసార్లూ తప్పే.

నీ ఉత్తరంలో "ఇక్కడ ఒక్క బట్టా పాడవలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. రికార్డింగులు వినడం మానేసి వీడియోలు చూశాను. నీ గొంతు కాదు, నీ చేతులు. నోటితో టీ అంటావు, చేతులు ఆ గలీబుని చన్నీళ్ల తొట్టిలో వేస్తాయి. లిప్‌స్టిక్‌ని టీ అంటావు, చేతులు స్పిరిట్ సీసా అందుకుంటాయి. మీ కొత్తకోడలు రెండూ నేర్చుకుంది. నీ సెలవు రోజు అది ఒంటరిగా పని చేసిన వీడియో చూశాను. రక్తం ఉన్న గలీబు ఎత్తింది. "టీ మరక" అంది. చన్నీళ్లలో వేసింది. చెడిపోయిందన్నాడు దువ్వెన. చెడిపోలేదు అత్తా. నీలాగే పని చేస్తోంది.

మరి వేరే ఊళ్లలో? పని త్వరగా కావాలని మావాళ్లు అక్కడి యంత్రాలకి నీ నోటి మాట ఒక్కటే పంపారు. నీ చేతులు పంపలేదు. టీ అంటే వేడినీళ్లు, అంతే. పంపే ముందు ఆ పేర్లన్నీ సరిచూసి టిక్కు పెట్టవలసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి నేనే. రెండువేల ఫొటోలు తెరిచి చూడాల్సింది. సాయంత్రమైపోతోందని వంద తెరిచి మిగతావాటికి టిక్కు కొట్టేశాను. కాబట్టి రిపోర్టులో నీ వాక్యం కంటే ముందు నా వాక్యం రావాలి.

పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి నాలుగో నంబరు మా మేనత్త అని చెప్పాను. ఆవిడ "మొదటిరోజే చెప్పాల్సింది" అని ఫైలు తీసి దువ్వెనకిచ్చారు, నేను రాసేది అతను సరిచూడాలట. భయంగానే ఉంది. కానీ రెండు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

కళ్లు కనపడవని మాత్రం చెప్పకు. నీ గురించి ఒక అబద్ధం రాసి ఖాయం చేసుకున్న ఉద్యోగం నాకు ఎందుకు?

నీ పిచ్చుక


జూలై 21

పిచ్చుకా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. సోమవారమే చెప్పేశాను. ఏం జరిగిందో విను.

కళ్లు కనపడటం లేదయ్యా, అందుకే యంత్రానికి అన్నీ టీ అని చెప్పేశాను అన్నాను. మేనేజరు కంగారుపడి, పాపం మంచివాడే, నేను ఊరికే తిడతాను, ఆ గంటలోనే కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను అన్నీ ఆలోచించుకునే వెళ్లాను. పెద్ద అక్షరం చూపిస్తే తడబడాలి, చిన్న అక్షరం చూపిస్తే అసలు లేదనాలి. కుర్చీలో కూర్చున్నాను. ఆ డాక్టరమ్మ నా చేతులు చూసింది, బట్టలు చూసింది, "పెద్దమ్మా, చదువు రాదు కదా, బొమ్మల చార్టు పెట్టమంటావా?" అంది.

నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. పైనుంచి కిందకి గడగడా చదివేశాను. ఆఖరి వరస కూడా. దాని కింద కంటికి ఆనీ ఆననంత సన్నగా అచ్చాఫీసు చిరునామా ఉంటే అదీ చదివాను, పిన్ నంబరుతో సహా. డాక్టరమ్మ నోరు తెరిచింది. మేనేజరు తల పట్టుకున్నాడు. "కళ్లు ఇంత బాగుంటే అన్నీ టీ అని ఎందుకు చెప్పావు?" అన్నాడు.  బస్సులో దారంతా అడిగాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మంగళవారం నీ ఉత్తరం చదివాక కొత్తకోడలి దగ్గరికి వెళ్లాను. నువ్వు చెప్పింది నిజమో కాదో చూద్దామని రక్తం అంటిన రుమాలు ఒకటి బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను. "టీ మరక" అంది. తీసి చన్నీళ్లలో వేసింది. వేసి నా వైపు చూసినట్టే అనిపించింది. దానికి ఉన్నది ఒకటే కన్ను, లేకపోతే కన్నుకొట్టేదేమో. నాకు గర్వంగానూ ఉంది, కొంచెం భయంగానూ ఉంది. నేను చెప్పకుండా అది ఇంకేం చూసి నేర్చుకుందో.

నువ్వు టిక్కులు కొట్టిన సంగతి రాసెయ్. దాచకు. రాసే ముందు అన్నం తిను, ఖాళీ కడుపుతో నిజం చెబితే మాట వణుకుతుంది. బల్ల దగ్గరి ఆ మాట కూడా రాసుకో. పెద్దక్క ఉంటే ఒప్పుకునేదే అనుకుంటాను. హెడ్‌మాస్టరు సంగతి మాత్రం పేరూ ఊరూ తెలియకుండా రాయి.

అత్త


జూలై 27

అత్తకు,

రిపోర్టు ఇచ్చేశాను. నాలుగు పేజీలు. మొదటి పేజీలో నా తప్పు, రెండో పేజీలో మా ఆఫీసు తప్పు, మిగిలిన రెండింటిలో మీ బల్ల సంగతి. దువ్వెన సరిచూశాడు. ఎక్కడో తప్పు దొరుకుతుందని రెండు రోజులు వెతికి, చివరికి "మీ అత్తయ్యగారి చేతులు చూస్తూ కూర్చుంటే ఆఫీసు టైమైపోయిందే తెలియలేదండీ" అన్నాడు. మేడం కోప్పడ్డారు, టిక్కుల గురించీ, చుట్టరికం దాచినందుకూ. రెండూ న్యాయమే. నా ఉద్యోగం పోలేదు, ఖాయమూ కాలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. నువ్వు బల్ల దగ్గరే ఉంటావు. వేరే ఊళ్ల యంత్రాలకి ఇప్పుడు నీ చేతుల వీడియోలు పంపుతున్నారు. నర్సుగారికి మావాళ్లు క్షమాపణ రాశారు, ఉత్తరం నాచేతే రాయించారు.

చీటీలు కూడా ఆపేశారు. ఇకమీదట మూట మీద "శుభ్రమైంది" అని తప్ప ఏమీ ఉండదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. చీటీ లేకపోతే జనం యంత్రాన్నే అడుగుతారు కదా, "ఇదేం మరక?" అని. అప్పుడు అది ఏమనాలి? దీని మీద నిన్న మధ్యాహ్నమంతా ఆఫీసులో పోట్లాట. బట్ట ఎవరిదైతే వాళ్లకి చెప్పొచ్చని ఒకరు. ఆ పెద్దాయన దుప్పటి ఆయన కోడలు తెస్తే ఆ బట్ట ఎవరిదని ఇంకొకరు. చిన్నపిల్లవాడి చొక్కాకి రక్తం ఉంటే తల్లికి చెప్పొద్దా అని మేడం. టీ అని చెప్పడమే నయమని దువ్వెన.

నాకు అది నచ్చలేదు అత్తా, నీతో పోట్లాడాల్సింది ఇక్కడే. నువ్వు టీ అంటే దాని వెనక నువ్వున్నావు, ఎవరి కోసం అంటున్నావో నీకు తెలుసు. యంత్రానికి అబద్ధం నేర్పితే, రేపు ఎవరో వచ్చి తమ అవసరానికి ఇంకో అబద్ధం నేర్పుతారు. చెప్పకుండా ఊరుకోవడం వేరు, లేనిది చెప్పడం వేరు అని నేనన్నాను. "ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలమ్మా?" అని మేడం అడిగారు. గదిలో పదకొండు మందిమి, అందరం డిగ్రీలవాళ్లం. తలా ఒక చోట గీశాం.

ఈ గీత ఎక్కడుందో మా మేనత్తకి తెలుసన్నాను. మేడం ఒప్పుకున్నారు. కాబట్టి నువ్వు రాయాలి. ఎవరు అడిగితే చెప్పాలి, ఎవరు అడిగితే ఊరుకోవాలి, ఊరుకునేటప్పుడు ఏ మాటతో ఊరుకోవాలి. నాతో ఏకీభవించకపోతే అదీ రాయి, ఎందుకో కూడా రాయి. కొత్తకోడలికి చెబుతున్నట్టే రాయి, నేను ఒక్క అక్షరం మార్చను.

ఆగస్టు ఆరులోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి. ఏడో తేదీ పొద్దున అన్ని ఊళ్ల యంత్రాలకీ నేర్పడం మొదలుపెడతారు. నీది రాకపోతే దువ్వెన రాసింది నేర్పుతారు. అతను ఇంతవరకూ తన చొక్కా తను ఉతుక్కున్న మనిషి కాదు.

ఎదురుచూస్తూ,
నీ పిచ్చుక